ముందున్న రెయిలింగ్ తెగిపోకుండా

సరస్సును ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే చిత్రంలో పట్టాలని మూడు రోజుల ప్రయాణం పెట్టుకున్నాను. మొదటి సాయంత్రం కొండమీది వ్యూపాయింట్‌లో పక్కపక్కగా తీసి ఒకటిగా అతికించిన ఫ్రేముల పనోరమా చూసుకుని బాధ కలిగింది. దూరపు కొండలు చక్కగా అతుక్కున్నాయి. ముందున్న ఇనుప రెయిలింగ్ మాత్రం మూడు చోట్ల తెగి మెట్లుమెట్లుగా కనిపించింది.

ట్రైపాడ్ పైన ఉండే మామూలు హెడ్ మీద కెమెరా తన అడుగున ఉన్న మర చుట్టూ తిరుగుతుంది. తిరగవలసింది లెన్సులోకి కాంతి ప్రవేశించే బిందువు చుట్టూ. ఆ తేడా వల్లే దగ్గరి వస్తువులు ఫ్రేము ఫ్రేముకూ పక్కకు జరుగుతాయి. ముందు ఏమీ లేకపోతే అది కంటికి ఆనదు. రెండడుగుల్లో రెయిలింగ్ ఉంటే దాచలేం. పైగా అక్కడిది చెక్క వేదిక. ఎవరు నడిచినా కదులుతుంది. చూడటానికి గొప్ప చోటే, కానీ ట్రైపాడ్‌తో వెళ్లేవారు జనం రాకముందే వెళ్లాలి.

లాడ్జి గది ఇరుకే అయినా డాబా మీదికి వెళ్లనిచ్చారు, ఆ ఒక్క కారణానికే మళ్లీ అక్కడే దిగుతాను. గట్టి నేల, తీరిక సమయం. హెడ్ మీద కెమెరాను ముందుకూ వెనక్కూ జరిపే పట్టీ, అంటే నోడల్ స్లైడ్‌ను, అక్కడే సరిచేసుకున్నాను. బట్టలారేసే ఇనుప గుంజ, దాని వెనక ఎంతో దూరాన సెల్ టవర్, రెండూ ఒకే గీతలో కనిపించేలా ట్రైపాడ్ నిలిపి, కెమెరాను ఎడమకూ కుడికీ తిప్పాను. గుంజ టవర్ నుంచి విడివడినప్పుడల్లా కెమెరాను స్లైడ్ మీద కాస్త వెనక్కి జరిపాను. ఎటు తిప్పినా రెండూ కలిసే ఉన్న చోట స్కేలు మీద పెన్సిల్‌తో గీత పెట్టాను. జూమ్ లెన్సయితే ఒక్కో ఫోకల్ లెంగ్త్‌కు ఒక్కో గీత కావాలి. అందుకే జూమ్ లేని 35 మి.మీ. ప్రైమ్ లెన్సు ఒక్కటే తీసుకెళ్లాను.

అద్దెకు ఇచ్చినవారు స్లైడ్, కెమెరాను నిలువుగా బిగించే ఎల్ బ్రాకెట్ మంచివే ఇచ్చారు, హెడ్ కింద ఉండి దాన్ని మట్టం చేసే లెవెలింగ్ బేస్ మాత్రం పెట్టలేదు. ఇది చిన్న లోపం కాదు. ఎటైనా వంగే బాల్‌హెడ్‌తో కెమెరాను మట్టం చేసినా, దాని కింద తిరిగే ఇరుసు ఒరిగి ఉంటే నాలుగు ఫ్రేములు దాటేసరికి క్షితిజరేఖ వాలిపోతుంది. మూడో రోజు ఒడ్డున, వాలు నేల మీద, ట్రైపాడ్ కాళ్లను అంగుళం అంగుళం సర్దుతూ రసమట్టంలో బుడగను మధ్యకు తెచ్చేసరికి ఉదయపు మంచి వెలుతురు సగం పోయింది. ఎత్తయిన బరువు ట్రైపాడ్ కన్నా లెవెలింగ్ బేస్ అనే ఈ చిన్న పరికరమే ముందు కొనండి.

ఫుల్‌ఫ్రేమ్ కెమెరాను నిలువుగా బిగిస్తే ఆ లెన్సుకు కనిపించే వెడల్పు సుమారు 38 డిగ్రీలు. 25 డిగ్రీలకొకటి చొప్పున 7 ఫ్రేములు తీస్తే, మూడో వంతు ఒకదానిమీదొకటి పడుతూ అర్ధవలయం దాటుతుంది. ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ ఫ్రేము ఫ్రేముకూ మారకుండా మాన్యువల్‌లో ఉంచాను. ఆకాశాన్ని ముదురు చేసే పోలరైజర్ ఫిల్టర్ తీసేశాను, అది ఉంటే ఇంత వెడల్పులో ఆకాశం ఒకచోట నల్లగా, ఒకచోట పాలిపోయి వస్తుంది.

ఒడ్డుకు లాగిపెట్టిన పడవ నా ముందే, నాలుగడుగుల్లో ఉంది. గదికి వచ్చి ఫ్రేములు అతికాక దాని అంచు వెంట పెద్దది చేసి చూశాను. మూడు ఫ్రేములు దాటి సాగిన ఆ చెక్క అంచు ఎక్కడా తెగలేదు.