పాత రైలు కట్ట మీదుగా ఆల్ప్స్ దాటడం: సాల్జ్‌బర్గ్ నుంచి గ్రాడో దాకా సైకిల్ యాత్ర

ఆల్ప్స్‌లో సైకిల్ అనగానే చాలామందికి పెద్ద పెద్ద కనుమ రోడ్లే గుర్తొస్తాయి. ఎక్కుడు సంగతి ఎలా ఉన్నా, వేసవిలో ఆ రోడ్ల మీద వెనక నుంచి వరసగా దూసుకొచ్చే మోటారు సైకిళ్లు, కార్లు, క్యాంపర్ వ్యాన్లు నాకు సరిపడవు. మోచేతిని రాసుకుంటూ వ్యాను పోతుంటే కొండ వైపు తలెత్తి చూసే తీరికెక్కడిది? అందుకే బండ్లు తక్కువగా ఉండే దారి చూసుకుని ఆల్ప్స్‌ను ఉత్తరం నుంచి దక్షిణానికి దాటాలని నేనూ మా చెల్లెలూ అనుకున్నాం. తను ఎక్కుడులో నిదానం, పైగా శాకాహారి. ఈ రెండూ దారినీ బసలనూ ఎంచుకోవడంలో చాలా లెక్కలోకొచ్చాయి.

మేం పట్టుకున్నది ఆల్పే ఆడ్రియా సైకిల్ దారి. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో మొదలై, ఇటలీలో ఆడ్రియాటిక్ సముద్రం ఒడ్డున ఉన్న గ్రాడోలో ముగుస్తుంది. సుమారు 410 కిలోమీటర్లు. 2015లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆ ఏటి మేటి సైకిల్ దారిగా దీనికి అవార్డు కూడా వచ్చింది. ఆ పేరు చూసి మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ప్రశాంతంగా ఉంటుందనుకుని బయల్దేరితే మాత్రం మధ్యలో నిరాశ తప్పదు. ఎక్కడ నిశ్శబ్దంగా ఉంటుందో, ఎక్కడ ఉండదో ముందే తెలిస్తే బసలు దానికి తగ్గట్టు పెట్టుకోవచ్చు.

సాల్జ్‌బర్గ్ నుంచి సాల్జాక్ నది వెంట గోలింగ్ దాకా దారి చదునుగా, హాయిగా సాగిపోతుంది. పొద్దున్నే ఆఫీసులకు వెళ్లేవాళ్లు, కుక్కల్ని తిప్పేవాళ్లు, పరుగు తీసేవాళ్లు అందరూ అక్కడే ఉంటారు. గోలింగ్ దాటాక లోయ ఇరుకవుతుంది. పాస్ లూగ్ అనే కనుమ దగ్గర సైకిలుకు వేరే దారి వేసేంత చోటు లేదు కాబట్టి కార్ల రోడ్డే గతి. ఎక్కుడు పెద్దదేం కాదు, కానీ మధ్యాహ్నం రద్దీలో కంటే పొద్దున్నే దాటేయడం మేలు. ఆ తర్వాత వెర్ఫెన్ దగ్గర కొండ కొమ్మున హోహెన్‌వెర్ఫెన్ కోట కనబడగానే మా చెల్లెలు సైకిల్ ఆపేసింది. ఆగాల్సిన చోటే అది.

ఈ దారి మొత్తంలో నాకు బొత్తిగా నచ్చనిది గాస్టైన్ లోయలోకి వెళ్లే రోడ్డు సొరంగం. లోపల సైకిళ్లకు పక్కన విడిగా దారి ఉంది కాబట్టి ప్రమాదం అనిపించదు. కానీ లారీ మోత గోడల మధ్య పది రెట్లై చెవుల్లో పడుతుంది. పిల్లలతో వెళ్లేవాళ్లు, మోత పడనివాళ్లు ఆ ముక్క వరకు రైలెక్కడం మంచిది. ఆ లోయకు రైలు ఎలాగూ ఉంది.

సొరంగం దాటితే మాత్రం లోయ వెడల్పుగా, పచ్చగా తెరుచుకుంటుంది. ఇక్కడ రాత్రి బసకు రెండు ఊళ్లు పోటీ పడతాయి. బాడ్ గాస్టైన్ చూడ్డానికి గొప్పగా ఉంటుంది. ఊరి నడిమధ్య నుంచి జలపాతం దూకుతుంటే, దానికి రెండు పక్కలా కొండ అంచున పాతకాలపు పెద్ద హోటళ్లు నిలబడి ఉంటాయి. కానీ అక్కడికి చేరాలంటే రోజు చివర్లో నిటారు ఎక్కుడు ఎక్కాలి, గదులూ ఖరీదే. కిందనున్న బాడ్ హోఫ్‌గాస్టైన్ చదునైన ఊరు. కుటుంబాలు నడిపే గెస్ట్‌హౌస్‌లు చాలా ఉన్నాయి, వేడినీటి కొలనుల స్నానశాల కూడా ఉంది. మేం కిందే ఉండిపోయాం. తెల్లారి చల్లపూట, కడుపునిండా టిఫిన్ తిన్నాక ఆ ఎక్కుడు ఎక్కితే అది వేరే ఎక్కుడులా అనిపించింది.

ఆస్ట్రియా వైపు బసల గురించి చెప్పాలంటే, సైకిల్ వాళ్లను చూసుకునే పద్ధతి వాళ్లకు బాగా అలవాటు. తాళం వేసే గది, గాలి పంపు, తడి బట్టలు ఆరేసుకునే చోటు చాలాచోట్ల అడక్కుండానే చూపించారు. ఒక్క రాత్రికైతే గది ఇవ్వలేమని చెప్పిన చోట్లూ తగిలాయి, అది బుక్ చేసే ముందే అడగాలి. ఇంకో రెండు సంగతులు మర్చిపోకూడదు. ఆదివారం సూపర్ మార్కెట్లు మూసేస్తారు, పెద్ద రైల్వే స్టేషన్లలో ఉన్నవి తప్ప. పల్లెల్లో భోజనశాలలకు వారానికో సెలవు రోజు ఉంటుంది, అది ఒక్కో చోట ఒక్కో రోజు. ఊళ్లో ఉన్న ఒక్క వంటశాలకూ ఆ రోజే సెలవైతే రాత్రికి రొట్టే జున్నే దిక్కు. శనివారం సాయంత్రమే సంచిలో ఏదో ఒకటి పెట్టుకోవాలి.

బాడ్ గాస్టైన్ పైన బోక్‌స్టైన్ దగ్గర సైకిల్ దారి ఆగిపోతుంది. ఎదురుగా హోహె టావెర్న్ పర్వతాలు. అక్కడి నుంచి 1909లో తెరిచిన టావెర్న్ రైలు సొరంగమే దారి. కార్లను మోసే రైల్లోనే సైకిళ్లనూ ఎక్కించుకుంటారు, పదకొండు నిమిషాల్లో అవతల మాల్‌నిట్జ్‌లో దింపుతారు. పెద్ద ఎక్కుడు తప్పించే పదకొండు నిమిషాలవి. ఒక్కటి గమనించాలి. 2024 నవంబర్ నుంచి 2025 జులై దాకా మరమ్మతుల కోసం ఆ సొరంగాన్ని పూర్తిగా మూసేశారు. అలాంటిది మళ్లీ జరిగితే యాత్ర రెండు ముక్కలైనట్టే కాబట్టి తేదీలు ఖాయం చేసే ముందు ఆ రైలు నడుస్తోందో లేదో చూసుకోండి.

మాల్‌నిట్జ్ నుంచి మోల్ లోయలోకి బ్రేకుల మీద చెయ్యి తియ్యలేనంత దిగుడు. తర్వాత స్పిట్టాల్, అక్కడి నుంచి ద్రావా నది వెంట విల్లాక్ దాకా చదును. ఇది మంచి దారే, కానీ చెప్పుకోవడానికి ఎక్కువ లేదు. విల్లాక్‌లో ఒక రోజు ఆగడం తెలివైన పని. సైకిల్ షాపులున్నాయి, బ్రేక్ ప్యాడ్లు మార్చుకోవాలన్నా చైన్ చూపించుకోవాలన్నా ఇదే చోటు. శాకాహారులకు కూడా ఇక్కడ ఊరట. ఈ కారింథియా ప్రాంతంలో కాస్‌నూడెల్న్ అని, లోపల జున్నూ పుదీనా పెట్టి ఉడికించే పెద్ద పిండి మడతలు దొరుకుతాయి. మా చెల్లెలు వరసగా రెండు పూటలూ అవే తింది.

విల్లాక్ నుంచి ఇటలీ సరిహద్దు వైపు మెల్లగా ఎక్కుతాం. తార్విజియో దగ్గర పాత రైలు కట్ట అందుతుంది. నేను ఈ యాత్ర గురించి రాయడానికి కారణం ఈ ముక్కే.

ఇటలీలోని ఉదీనె నగరం నుంచి పొంతెబ్బా దాకా రైలు 1879లో వచ్చింది. అప్పట్లో పొంతెబ్బా ఇటలీకి, ఆస్ట్రియా-హంగరీకి మధ్య సరిహద్దు. నూరేళ్లకు పైగా ఆ లైను ఫెల్లా నది పక్కనే కొండను చెక్కుకుంటూ నడిచింది. 1990లలో ఎక్కువ భాగం సొరంగాల్లో సాగే కొత్త డబుల్ లైను రావడంతో పాతది వదిలేశారు. ఆ పట్టాలు తీసేసి తారు వేసి సైకిళ్లకు ఇచ్చారు. రైలు ఇంజన్ నిటారుగా ఎక్కలేదు, అందుకే ఆ కాలపు ఇంజనీర్లు వాలు సుమారు 2 శాతానికి మించకుండా లోయను చుట్టి కట్ట కట్టారు. వాళ్ల ఆ కష్టం ఇవాళ సైకిల్ తొక్కేవాళ్లకు వరమైంది. కొండల నడుమే ఉంటాం, అయినా ఆయాసం లేదు. కంపొరొస్సో దగ్గర నీళ్లు రెండుగా చీలతాయి. ఒక పక్క వాన నీరు నల్ల సముద్రానికి, ఇంకో పక్కది ఆడ్రియాటిక్‌కు పోతుంది. ఆ మిట్ట దాటాక మొత్తం దిగుడే.

తార్విజియో, పొంతెబ్బా మధ్య పూర్తి నిశ్శబ్దం ఆశించొద్దు. ఆటోస్ట్రాడా (ఇటలీ ఎక్స్‌ప్రెస్ వే) కూడా అదే లోయలో ఎత్తైన వంతెనల మీద పోతుంది, హోరు వినబడుతూ ఉంటుంది. పొంతెబ్బా దగ్గర కాసేపు కార్ల రోడ్డు కూడా తగులుతుంది. దోన్యా, క్యూజాఫోర్తె వైపు దిగేకొద్దీ లోయ ఇరుకై, దారి ఇనుప వంతెనల మీదా, వరస సొరంగాల్లోంచీ సాగుతుంది. కింద తెల్లటి రాళ్ల మధ్య ఆకుపచ్చ నీలం కలిసిన నీళ్లు. సొరంగాల్లో లైట్లున్నా మన లైటు వేసుకోవడం మంచిది, వేసవిలో కూడా లోపల వణికిస్తుంది. పల్చటి జాకెట్ సంచి అడుగున కాక పైన ఉంచుకోండి. క్యూజాఫోర్తె పాత స్టేషన్ ఇప్పుడు సైకిల్ వాళ్లు ఆగే కాఫీ చోటు. ప్లాట్‌ఫారం మీద బల్లలు, రైలు రావాల్సిన చోట సైకిళ్లు. అక్కడ మేం అనుకున్నదానికంటే చాలాసేపు కూర్చున్నాం.

ఎక్కువమంది తార్విజియోలో పడుకుని, ఒక్క రోజులో ఈ ముక్కంతా దిగేసి ఉదీనె చేరతారు. దిగుడు కాబట్టి అది సాధ్యమే, కానీ నాకు అది అన్యాయం అనిపిస్తుంది. తార్విజియోలో బసలు ఎక్కువ, సంత సందడి కూడా ఎక్కువ. దారికి కాస్త పక్కకు తిరిగితే వాల్‌బ్రూనా ఉంది. సాయిజేరా లోయ మొదట్లో, మోంతాజియో పర్వతం ఎదురుగా ఉన్న చిన్న ఊరు. గదులు తక్కువ కాబట్టి ముందే అడగాలి. అక్కడ రెండు రాత్రులుండి, మధ్య రోజు సామాను గదిలో వదిలి తార్విజియో నుంచి స్లొవేనియాలోని క్రాన్‌స్కా గోరా వైపు వెళ్లే ఇంకో పాత రైలు కట్ట మీద తిరిగి రావడం నా సలహా. దారిలో ఫూజీనె సరస్సుల దగ్గరికి చిన్న ఎక్కుడు ఉంది. వారాంతంలో అక్కడికి కార్లు క్యూ కడతాయి, మామూలు రోజే వెళ్లండి.

బండ్లు లేనంత మాత్రాన జనం ఉండరని కాదు. మేం యాత్రకు ముందు దొబ్బియాకో వైపు కూడా తొక్కి చూశాం. అక్కడికి దగ్గర్లో, ఇటలీలోని సాన్ కాందీదో నుంచి ఆస్ట్రియాలోని లీంజ్ దాకా 44 కిలోమీటర్ల దారిలో కార్లు లేవు, దాదాపు అంతా దిగుడే. అందుకే ఆగస్టులో అద్దె సైకిళ్ల మీద కుటుంబాలకు కుటుంబాలే దిగి, రైల్లో వెనక్కి వస్తాయి. చిన్న పిల్లలతో ఒక రోజుకు అంతకంటే మంచి దారి లేదు, కానీ పక్కనుంచి ఎవరు తగులుతారో అన్న టెన్షన్‌తోనే తొక్కాలి. దొబ్బియాకో నుంచి కొర్తీనాకు, 1960లలో మూసేసిన డోలొమైట్స్ రైలు కట్ట మీద వెళ్లే దారి అందంలో దేనికీ తీసిపోదు. అయితే కంకర నేల, సన్న టైర్లకు పనికిరాదు.

ఇటలీ వైపు వేళలు అలవాటు చేసుకోవాలి. మధ్యాహ్నం రెండు దాటితే వంట కట్టేస్తారు, రాత్రి ఏడు లేదా ఏడున్నరకు గానీ తెరవరు. ఈ ఫ్రియూలి ప్రాంతపు పల్లెల్లో ఫ్రీకో అని, మోంతాజియో జున్నూ బంగాళదుంపా కలిపి పెనం మీద కాల్చే వంటకం ఉంది. ఆకలి మీద అది చాలు. కొన్నిచోట్ల అందులో మాంసం వేస్తారు, అడిగి తీసుకోవాలి. ఆగస్టు 15 చుట్టుపక్కల ఇటలీ అంతా సెలవులే కాబట్టి గదులు దొరకడం కష్టం. మాకు జూన్, సెప్టెంబర్ మేలనిపించింది. జూన్‌లో సాయంత్రం ఉరుములు మామూలే, పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం వేళ లోయలో ఎదురుగాలి బెడద కూడా తగ్గుతుంది.

మోజియో దాటాక మళ్లీ అక్కడక్కడా కార్ల రోడ్డు కలుస్తుంది. వెన్‌జోనెలో రాత్రి ఉండండి. 1976 భూకంపాల్లో ఫ్రియూలిలో దాదాపు వెయ్యి మంది చనిపోయారు, ఈ ఊరు నేలమట్టమైంది. ఊరివాళ్లు కొత్త ఊరు కట్టుకోకుండా పడిపోయిన రాళ్లకు అంకెలు వేసి, చర్చినీ గోడలనూ ఎక్కడి రాయి అక్కడే మళ్లీ నిలబెట్టారు. సాయంత్రం పగటి సందర్శకులు వెళ్లిపోయాక ఆ ప్రాకారం లోపల నడవాలి. పగలు చూసి వెళ్లిపోయేవాళ్లకు ఆ ఊరు దొరకదు.

ఉదీనె తర్వాత కొండలు వెనకబడి మైదానం వస్తుంది. దారి చాలావరకు చిన్న పల్లె రోడ్లు, కార్లు అప్పుడప్పుడూ. 1593లో వెనిస్ వాళ్లు తొమ్మిది కోణాల నక్షత్రం ఆకారంలో కట్టిన పాల్మనోవా కోట పట్టణం, అక్విలేయా బసిలికా అనే పాత పెద్ద చర్చిలో నాలుగో శతాబ్దపు మొజాయిక్ నేల చూడాల్సినవే. ఆపైన చిత్తడి నీళ్ల మధ్య కట్ట మీదుగా గ్రాడో చేరతాం. ఈ భాగాన్ని ఎండాకాలం మిట్టమధ్యాహ్నం పెట్టుకోకండి, నీడ అన్నది లేదు.

సమయం తక్కువైతే ఉత్తరం సగం వదిలేసి విల్లాక్‌లో మొదలుపెట్టండి, వెన్‌జోనె దాకా వెళ్లినా చాలు. తిరుగు ప్రయాణానికి ఉదీనె, విల్లాక్ మధ్య మికోత్రా రైలు సైకిళ్లను ఎక్కించుకుంటుంది. రోజుకు కొన్నే రైళ్లు కాబట్టి వేళలు ముందే రాసి పెట్టుకోవాలి. గ్రాడోకు రైలు లేదు, దగ్గర స్టేషన్ చెర్విన్యానో, అక్విలేయా మీదుగా వెనక్కి తొక్కాలి. ఆస్ట్రియా దూరప్రాంత రైళ్లలో సైకిలుకు విడిగా రిజర్వేషన్ తప్పనిసరి, వేసవి వారాంతాల్లో ఆ చోట్లు మనుషుల సీట్ల కంటే ముందే అయిపోతాయి.