గట్టెక్కిన బోట్ల కోసం మూడు రోజులు

ఓడల ఇంజిన్ రూముల్లో 24 ఏళ్లు పనిచేసి ఇంటికొచ్చాను. అప్పటి నుంచి ఒకటే పిచ్చి. సొంత బోటులో, నిదానంగా, కృష్ణపట్నం నుంచి అండమాన్ దాకా ఒక్కసారి పోయి రావాలి. మా ఆవిడ దీన్ని జబ్బుల్లోనే జమకట్టింది.

విదేశాల్లో ట్రాలర్ యాట్ అని ఒక రకం ఉంది. చూడ్డానికి చేపల బోటే. చేపలూ ఐసూ నింపే చోట పడకగదులు ఉంటాయి, వేగం తక్కువ, దూరం ఎక్కువ. సింగపూర్‌లో ఒకసారి గ్రాండ్ బ్యాంక్స్ పేరున్నది ఎక్కి చూశాను. వాటిని 1973 వరకూ చెక్కతోనే కట్టేవాళ్లు, ఆ తర్వాత ఫైబర్‌కి మారారు. సెకండ్ హ్యాండ్‌లోనైనా దాని ధర, ఇక్కడికి తెచ్చే ఖర్చు, సుంకం కలిపి చూసుకునే సరికి నా పీఎఫ్ డబ్బులు నాకే చిల్లరలా కనిపించాయి. దానికంటే మన పాత మరబోటు ఒకటి కొని మార్చుకుందామని మే నెలలో మా బావమరిదిని వెంటేసుకుని బయల్దేరాను.

మే నెలే ఎందుకంటే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం. మరబోట్లు రేవులో కట్టేసి ఉంటాయి, కొన్నింటిని మరమ్మతుకి గట్టెక్కిస్తారు. మామూలు రోజుల్లో నీళ్లలో దాక్కునే అడుగుభాగం అప్పుడు కళ్లెదుట ఉంటుంది. చిక్కల్లా ఏమిటంటే, బోటుని సముద్రంలో నడిపి చూపించమంటే కుదరదు.

మొదటిరోజు ఒంగోలులో దిగి కొత్తపట్నం పోయాం. నా పనికి అది దండగ. అక్కడ అలలు నేరుగా ఒడ్డును కొడతాయి, కాబట్టి ఇసుక మీదికి లాగిపెట్టుకోగలిగిన ఫైబర్ పడవలే కనిపించాయి. బీచ్ మాత్రం బాగుంది. పొద్దున్నే ఒక ముసలాయన తెప్ప మీద తెచ్చిన కవళ్లు అక్కడికక్కడే కొన్నాం. ఇంజిన్ లేని తెప్పలకు నిషేధం వర్తించదు. కుటుంబంతో పోయేవాళ్లు ఒంగోలులోనే గది తీసుకుని తెల్లారగట్ల బీచ్‌కి పోవడం మేలు. తొమ్మిది దాటితే ఆ ఎండకి నిలబడలేరు.

రెండు రాత్రులు కావలిలో ఉన్నాం. స్టేషన్‌కి దగ్గర్లో లాడ్జి, ఏసీ గది 1,400. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి. జనరేటర్ ఉందని చెప్పి డబ్బు తీసుకున్నారు గానీ రాత్రి రెండింటికి కరెంటు పోతే అది కాస్తా లేవలేదు. కౌంటర్ దగ్గరి కుర్రాడు "డీజిల్ లేదు సార్" అన్నాడు, అదేదో నా తప్పయినట్టు. పక్క వీధి మెస్‌లో భోజనం మాత్రం రెండు పూటలా వదల్లేదు. మామిడికాయ వేసిన చేపల పులుసు, చెరువు చేపే అయినా. నిషేధంలో పెద్ద హోటల్లో వంజరం వేపుడు అడిగితే చాలావరకు ఐసులో నిలవున్నదే వస్తుంది, డబ్బులు దండగ.

జువ్వలదిన్నె ఫిషింగ్ హార్బర్ వైపు కూడా పోయి చూశాం. రాళ్లకట్టలు వేసి కట్టిన రేవు, పెద్ద బోటుకి అలల దెబ్బ తగలదు. రేపు బోటు కొంటే కట్టేసుకోవడానికి నా మనసు అక్కడే పడింది.

అసలు బోటు దొరికింది బోగోలు అవతల, ఉప్పుటేటి గట్టున. ఊరి పేరు చెప్పను, బేరం ఇంకా నడుస్తోంది. చెక్క బోటు, పదమూడు మీటర్ల పొడవు, వంద హార్స్‌పవర్ ఇంజిన్. నీలం రంగు కొత్తగా కొట్టారు, ఎండలో మిలమిలలాడుతోంది. మా బావమరిది "పెళ్లికూతురులా ఉండాది బావా" అన్నాడు. నాకు ఆ రంగే టెన్షన్ తెచ్చింది.

బోటు మేస్త్రీని ఒకాయన్ని మాట్లాడుకున్నాం. రోజుకూలి వెయ్యి, భోజనం మనదే. మూడు రోజుల్లో పెట్టిన ఖర్చుల్లో అంతకంటే గిట్టుబాటైంది ఇంకొకటి లేదు. ఆయన మాట్లాడకుండా చిన్న సుత్తి తీసి ముక్కు నుంచి చుక్కాని దాకా పలకల మీద టక్ టక్ అని కొట్టుకుంటూ పోయాడు. మంచి చెక్క గట్టిగా పలుకుతుంది. ఎడమపక్క, నీటిగీతకి జానెడు కింద, చప్పుడు మారింది. తడి గోనె మీద కొట్టినట్టుంది. చాకు మొన పెడితే వెన్నలోకి దిగినట్టు రెండంగుళాలు దిగింది. తిప్పి లాగితే నల్లటి చెక్కపొట్టు, దాంట్లో పెన్సిల్ దూరేంత బెజ్జం. ఉప్పునీటి పురుగు. "రెండు పలకలు మార్చాల సార్. ఎముక బాగానే ఉండాది" అన్నాడు. ఎముకంటే అడుగు దూలం. అది పోతే బోటు పోయినట్టే, పలకలదేముంది.

ఇంజిన్ దగ్గర నా వంతు. ముందు చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది! మేం వచ్చే అరగంట ముందు స్టార్ట్ చేసి ఆపారన్నమాట. పొద్దున్నే మొండికేసే ఇంజిన్‌ని ఇలాగే దాస్తారు. ఓనర్‌ని అడిగితే నవ్వేసి "బ్యాటరీ చెక్ చేశాం లే అన్నా" అన్నాడు. ఆయిల్ పుల్ల తీస్తే పాలరంగు లేదు, అంటే నీళ్లు కలవలేదు. బకెట్లతో చల్లనీళ్లు అందిస్తూ కాసేపు తిప్పితే పొగ కొంచెం నీలంగా వచ్చింది, ఆయిల్ కాలుతోంది. అది మరమ్మతయ్యే రోగమే. ప్రొపెల్లర్‌ని తిప్పే షాఫ్టు పట్టుకుని పైకెత్తితే మాత్రం కదిలింది, బేరింగ్ అరిగిపోయింది. కావలి నుంచి పిలిపించిన మెకానిక్ 1,500 తీసుకుని నేను చూసిందే మళ్లీ నాకు చెప్పాడు.

ఆ రాత్రి కరెంటు లేని గదిలో సెల్‌ఫోన్ వెలుతురులో లెక్క వేశాను. కృష్ణపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు) సుమారు 750 నాటికల్ మైళ్లు. ఈ సైజు బోటు ఎనిమిది నాట్లకు, అంటే గంటకు ఎనిమిది నాటికల్ మైళ్లకు, మించి పోనే పోదు, ఎంత తొక్కినా డీజిలే తగలడుతుంది. ఎనిమిది నుంచి ఆరున్నరకు దిగితే ఇంజిన్ శక్తి దాదాపు సగం చాలు. గంటకు పది లీటర్లు అనుకుంటే 115 గంటలకు 1,150 లీటర్లు. దాని మీద మూడో వంతు అదనం పెట్టుకోకుండా బయల్దేరడం మూర్ఖత్వం. అంటే 1,500 పైమాట. ఈ బోటు ట్యాంకు రెండు వేలు. లెక్క కుదిరింది.

కుదరనిది ఊగడం. చేపల బోటు ఐసు, చేపల బరువు మోస్తూ నిలకడగా ఉండేలా కట్టింది. ఆ బరువు తీసేసి మంచాలు వేస్తే తేలిపోయి దొర్లుతుంది. అడుగున బరువు వెయ్యాలి. పైగా విదేశీ ట్రాలర్ యాట్‌లలో కొన్నింటికి ఉన్నట్టు రెండు పక్కలా కొయ్యలు చాపి, తాళ్లతో నీళ్లలోకి రెక్కలు దించుకోవాలి. ఆ ఉపాయం కూడా చేపల బోట్ల నుంచి పోయిందే. రిజిస్ట్రేషన్ చేపల వేటకిచ్చింది, దాన్ని మార్పించుకోవడం ఇంకో తిరుగుడు.

మూడోరోజు కృష్ణపట్నం. నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లు, రోడ్డంతా లారీలు. అక్కడ కండలేరు ఉప్పుటేటి నీళ్లలో రెండు బోట్లు చూశాం, రెండూ సగం బురదలోనే. అడుగు చూపించనివాడికి బయానా ఇచ్చేది లేదని వెనక్కి తిరిగాం. నెల్లూరులో మలైకాజా కొన్నాం, అది మా ఆవిడకి లంచం.

నీలం బోటుకి ఓనర్ 14 లక్షలన్నాడు. పలకలు, బేరింగ్, ఇంజిన్ పని లెక్కకట్టి నేను 10 అన్నాను. బయానా మాత్రం ఇవ్వలేదు. నిషేధం అయ్యాక మొదటి వేటకి నన్ను కూడా ఎక్కించుకోవాలని, ఆ పొద్దున నేనొచ్చేదాకా ఇంజిన్ ముట్టుకోకూడదని షరతు పెట్టాను. కాసేపు ఆలోచించి, "రా అన్నా, అన్నం మాత్రం నువ్వే తెచ్చుకో" అన్నాడు.