యూరియా బ్రెత్ టెస్ట్: పరీక్షకు పూర్తి మార్కులు, సెంటర్‌కు సగమే

కడుపులో హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా ఉందో లేదో ఎండోస్కోపీ గొట్టం మింగకుండా తెలుసుకునే మార్గాల్లో అత్యంత నమ్మదగినది యూరియా బ్రెత్ టెస్ట్. యాంటీబయాటిక్ కోర్సు ముగిశాక ఆ బాక్టీరియా నిజంగా పోయిందో లేదో నిర్ధారించుకోవడానికి, డాక్టరు సలహా మీద ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో దీన్ని చేయించుకున్నాను. పరీక్ష వేరు, దాన్ని నిర్వహించిన తీరు వేరు కాబట్టి రెండింటినీ విడిగానే అంచనా వేయాలి.

ఈ బాక్టీరియా కడుపులోని ఆమ్లాన్ని తట్టుకోవడానికి యూరియేజ్ అనే ఎంజైమ్‌ను విస్తారంగా తయారుచేసుకుంటుంది. అది యూరియాను అమోనియాగానూ కార్బన్ డయాక్సైడ్‌గానూ విడగొడుతుంది. మనిషి కణాల్లో ఈ ఎంజైమ్ లేదు. అందువల్ల కార్బన్-13 (మామూలు కార్బన్ కన్నా కాస్త బరువైన రకం) చేర్చిన యూరియాను తాగిస్తే, బాక్టీరియా ఉన్నవారి కడుపులో అది విడిపోయి, ఆ కార్బన్‌తో కూడిన కార్బన్ డయాక్సైడ్ రక్తంలో కలిసి నిమిషాల వ్యవధిలోనే ఊపిరితో బయటికి వస్తుంది. ప్రకృతిలోని కార్బన్‌లో సుమారు 1.1 శాతం ఎలాగూ కార్బన్-13 ఉంటుంది కనుక ఒక్క నమూనా చాలదు. తాగక ముందు ఒకటి, తాగిన తర్వాత ఒకటి తీసుకుని తేడాను లెక్కగడతారు. ఈ రకం కార్బన్‌కు రేడియోధార్మికత లేదు, సూది గుచ్చే పని అంతకన్నా లేదు.

నమూనాలు తీసిన పద్ధతిలో వంక పెట్టడానికేమీ కనిపించలేదు. పరగడుపున వెళ్లిన నా చేత, కాసేపు ఊపిరి బిగబట్టించి, చిన్న సంచిలోకి ఊదించారు. టెక్నీషియన్ ఆ సంచిని వేళ్లతో నొక్కి చూసి, సరిగా నిండలేదని మళ్లీ ఊదమన్నారు. నోటిలోని గాలి కాక ఊపిరితిత్తుల లోతుల్లోంచి వచ్చే గాలే కావాలన్నది ఆ పట్టుదలకు కారణం. తర్వాత పుల్లటి ద్రావణాన్ని స్ట్రాతో తాగించారు. నోటిలో ఉండే కొన్ని బాక్టీరియాలకు కూడా యూరియేజ్ ఉంటుంది కాబట్టి ద్రావణం నోట్లో నిలవకుండా నేరుగా గొంతులోకి దిగడం మంచిది. అరగంట కూర్చోబెట్టి రెండో సంచి నింపించడంతో పని ముగిసింది.

లోపమంతా అంతకు ముందే జరిగింది. అపాయింట్‌మెంట్ ఇచ్చినప్పుడు ఏమీ తినకుండా రమ్మన్నారే తప్ప, ఏయే మందులు వాడుతున్నారని ఒక్కరూ అడగలేదు. ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ వంటి ఎసిడిటీ మాత్రలు ఈ బాక్టీరియాను అణచిపెట్టి ఉంచుతాయి కనుక పరీక్షకు కనీసం 2 వారాల ముందు వాటిని ఆపాలి. యాంటీబయాటిక్‌లు, బిస్మత్ మందులైతే 4 వారాలు. ఈ గడువు పాటించకపోతే బాక్టీరియా ఉండి కూడా ఫలితం నెగెటివ్‌గా రావచ్చు. నాకు డాక్టరు ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది. కడుపులో మంటతో వచ్చేవారిలో ఎసిడిటీ మాత్ర వేసుకోనివారు ఎందరుంటారు? ఈ ఒక్క ప్రశ్న అడగని సెంటర్‌లో ఎంత మంచి యంత్రం ఉన్నా దాని ఫలితాన్ని పూర్తిగా నమ్మలేం.

అక్కడి గోడ మీద, ఒక్క ఊపిరితో క్యాన్సర్‌తో సహా అన్ని జబ్బులూ పసిగట్టవచ్చనే అర్థం వచ్చేలా ఒక పోస్టర్ అంటించారు. అది తీసేయడం మంచిది. ఊపిరిలో సుమారు 250 ఆవిరి పదార్థాలున్నాయని అమెరికా రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ బృందం 1971లోనే చూపిన మాట నిజమే. అయితే వాటిలో చాలావాటిని తిన్న తిండి, పీల్చిన గాలి, పొగతాగే అలవాటు, పేగుల్లోని బాక్టీరియా మార్చేస్తుంటాయి. ఆసుపత్రుల్లో నిలదొక్కుకున్న శ్వాస పరీక్షలు ఒక నిర్దిష్టమైన ప్రశ్నకు ఒకటి రెండు వాయువులతో జవాబు చెప్పేవే: ఆస్తమా అంచనాకు నైట్రిక్ ఆక్సైడ్, పాలలోని చక్కెర అరగడం లేదేమోనని చూడడానికి హైడ్రోజన్. యూరియా పరీక్ష బలం కూడా అదే.

రిపోర్టు మరుసటి రోజే అందింది. అందులో ఫలితం నెగెటివ్ అనీ, దాని పక్కన ఒక అంకే ఉన్నాయి. ఎంత దాటితే పాజిటివ్ అనే హద్దు వేయలేదు. ఆ హద్దు కిట్‌ను బట్టి మారుతుంది కాబట్టి అది లేని అంకె మరో డాక్టరుకు చూపించినా ఉపయోగపడదు. అడిగితే చేత్తో రాసి ఇచ్చారు.