డీనో 246 జీటీ, మాసెరాటి మెరాక్: పక్కపక్కన పెట్టి చూస్తే

ఫెరారీ కర్మాగారం నుంచి వచ్చిన డీనో 246 జీటీ, మాసెరాటి మెరాక్ రెండూ ఇటలీలోని మోడెనా ప్రాంతంలో పుట్టిన స్పోర్ట్స్ కార్లే, రెండింటిలోనూ సీట్ల వెనుక ఉన్నది ఆరు సిలిండర్ల వీ6 ఇంజనే. అయినా సేకర్తల మార్కెట్లో డీనో ధర మెరాక్ ధరకు కొన్ని రెట్లు ఉంటుంది. ఆ తేడాలో కొంత న్యాయముంది. అంత తేడాకు మాత్రం న్యాయం లేదని నా అభిప్రాయం.

1969 నుంచి 1974 వరకు తయారైన 246కు, 1956లో చిన్న వయసులోనే చనిపోయిన, ఫెరారీ వ్యవస్థాపకుడు ఎంజో ఫెరారీ కుమారుడి ముద్దుపేరు ‘డీనో’ పెట్టారు. పినిన్‌ఫరీనా డిజైన్ సంస్థ తీర్చిన ఆ రూపం చూడటానికే కాదు, నడపడానికీ పనికొస్తుంది: ముందు చక్రాల మీది ఉబ్బులు డ్రైవర్ సీట్లోంచి కనిపిస్తుంటాయి కాబట్టి, మలుపులో చక్రం ఎక్కడుందో అంచనా వేయనక్కర్లేదు. 2,419 సీసీ ఇంజన్‌ను అడ్డంగా అమర్చడం వల్ల దాని వెనుక చిన్న డిక్కీకి కూడా చోటు మిగిలింది. సుమారు 195 హార్స్‌పవర్ అన్నది నేటి లెక్కలో పెద్ద సంఖ్య కాకపోయినా, కారు తేలికైనది, స్టీరింగ్ రోడ్డులోని ప్రతి గరుకునూ చేతికి అందిస్తుంది, ఇంజన్ 7,000 ఆర్‌పీఎం దాటాక కూడా ఇంకా పరుగెత్తాలన్నట్టే ఉంటుంది. గేర్‌బాక్స్ ఆయిల్ వేడెక్కేదాకా రెండో గేరు మొరాయించడం ఈ కారు స్వభావం, బలవంతం చేయకూడదు.

మెరాక్ అన్నది సప్తర్షి మండలంలో మనం పులహుడనే నక్షత్రం పేరు. ఇటాలియన్ డిజైనర్ జుజారో గీసిన ఈ కారు 1972లో వచ్చింది. అప్పట్లో మాసెరాటి ఫ్రెంచ్ సంస్థ సిట్రోయెన్ చేతిలో ఉండటంతో, సిట్రోయెన్ వారి ఎస్‌ఎం కారుకు మాసెరాటి ఇంజనీరు జూలియో ఆల్ఫియేరి రూపొందించిన ఇంజనే 2,965 సీసీకి పెరిగి, 190 హార్స్‌పవర్‌తో ఇందులో చేరింది. మొదటి కార్లలో బ్రేకులు కూడా సిట్రోయెన్ అధిక పీడన హైడ్రాలిక్స్‌తోనే పనిచేస్తాయి: పెడల్ కదలదు, పాదం పెట్టిన ఒత్తిడి కొద్దీ కారు ఆగుతుంది. మొదటిరోజు భయపెట్టే ఆ బ్రేకు అలవాటయ్యాక మరే బ్రేకూ అంత కచ్చితంగా అనిపించదు. డీనో కంటే ఇది బరువు, మలుపుల్లో అంత చురుకూ లేదు. కానీ దూర ప్రయాణానికి ఇదే నయం, వెనుక పిల్లలకు సరిపోయే రెండు చిన్న సీట్లు కూడా ఉన్నాయి.

నడిపే ఆనందం ఒక్కటే కొలత అయితే డీనోదే పైచేయి. అయితే దాని ఉక్కు బాడీలో తుప్పు కొత్త పెయింటు కింద దాక్కుంటుంది కనుక, కారును పైకెత్తించి అడుగుభాగం చూడకుండా బేరం మొదలుపెట్టవద్దు. ఉన్న డబ్బుకు ఎక్కువ కారు కావాలనుకునేవారికి నేను మెరాక్‌నే, అందులోనూ దాని మరింత శక్తిమంతమైన రూపమైన 220 హార్స్‌పవర్ ఎస్‌ఎస్‌నే సూచిస్తాను. అక్కడ అడగవలసిన మొదటి ప్రశ్న టైమింగ్ చైన్ (ఇంజన్ వాల్వులను నడిపించే గొలుసు), దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ ఎప్పుడు మార్చారన్నది. ఆ రికార్డు లేని కారు ఎంత చవగ్గా వచ్చినా, ఇంజన్ దించి విప్పే ఖర్చును ముందే తీసేసి ధర మాట్లాడాలి.