పెరటి నిమ్మకు బోర్డో మిశ్రమం: పదేళ్ళ వాడకం తరువాత

రాజోలు దగ్గర మా పెరట్లో ఉన్న నిమ్మచెట్టుకు పదేళ్ళుగా నేను ఇంట్లోనే కలిపి కొడుతున్న తెగులు మందు బోర్డో మిశ్రమం ఒక్కటే. 100 గ్రాముల మైలుతుత్తాన్ని (రాగి లవణమైన కాపర్ సల్ఫేట్‌ను) 5 లీటర్ల నీటిలోనూ, 100 గ్రాముల రాతి సున్నాన్ని మరో 5 లీటర్లలోనూ ప్లాస్టిక్ బకెట్లలో విడివిడిగా కరిగించి, తుత్తం నీటిని సున్నపు నీటిలోకి పోస్తూ కర్రతో కలిపితే ఒక శాతం మిశ్రమం తయారవుతుంది. దానిని ఏ రోజుకారోజే వాడాలి.

మొదటి రెండేళ్ళూ నేను ఆకులపై గజ్జి తెగులు మచ్చలు కనిపించాక కొట్టి, తగ్గలేదని మందును తప్పుపట్టాను. ఆకును ఎండకు పట్టి చూస్తే, వేలికి గరుకుగా తగిలే గోధుమరంగు మచ్చ చుట్టూ పసుపు వలయం కనిపిస్తుంది. ఆ మచ్చను ఏ రాగి మందూ మాన్పదు. మందు పని సూక్ష్మక్రిమిని కొత్త ఆకులోకి చొరబడకుండా ఆపడం మాత్రమే. అందుకే ఇప్పుడు తొలకరికి ముందే గజ్జి పట్టిన కొమ్మలు కోసి కాల్చి, చిగురు వేసిన ప్రతిసారీ కొడుతున్నాను. చిగురాకుల్లో వెండి గీతల్లా సొరంగాలు తొలిచే పురుగును వదిలేస్తే మాత్రం ఆ గాయాలలోంచే గజ్జి లోపలికి పోతుంది, ఎంత మందు కొట్టినా ఫలితం సగమే.

మూడో ఏడు గాలి తగిలి చచ్చుబడిన పాత సున్నం వాడాను. శుభ్రమైన కత్తిని మిశ్రమంలో ముంచి తీస్తే మొనపై రాగి ఎరుపు తేలింది, అంటే సున్నం చాలలేదని అర్థం. వాన ముంచుకొస్తోందన్న తొందరలో అలాగే కొట్టేసరికి లేత చిగుళ్ళన్నీ మాడిపోయాయి. ఆ చెట్టును చూసిన బాధతో, అప్పటినుంచి కత్తి తెల్లగా వచ్చేదాకా సున్నపు తేట చేర్చకుండా స్ప్రేయరులో పోయలేదు.

మొదలు దగ్గర బంక కారినప్పుడు, ఆ బెరడును ఆరోగ్యమైన భాగం వచ్చేవరకు చెక్కి, అదే తుత్తం, సున్నం లీటరు నీటిలో కలిపిన ముద్ద పూశాను. పూత పట్టింది గానీ, కాలవ నీరు వదిలిన నెలల్లో మా నల్లరేగడి తడి ఆరకపోవడంతో బంక మళ్ళీ వచ్చింది. మొదలు చుట్టూ మట్టి ఎత్తుచేసి, నీరు బోదెలోకి పోయేలా వాలు తీశాకే అది నిలిచింది.

వడకట్టకపోతే నాజిల్ మూసుకుపోతుంది. మామిడి తేనెమంచు పురుగుకు, జామకాయ ఈగకు ఇది పనిచేయదు. నిమ్మకు మాత్రం, వానకు ముందు ఒక పూట కేటాయించగలవారికి నేను దీన్నే సూచిస్తాను.