బాణం గుర్తు చెరగనివ్వని పనిశాల: హనుమకొండలో థిన్ సెక్షన్ల తయారీపై సమీక్ష

తూర్పు కనుమల పడమటి అంచున ఉన్న సీలేరు షియర్ జోన్ నుండి తెచ్చుకున్న పది రాతి నమూనాలను మైక్రోస్కోపు కింద చూడటానికి వీలుగా థిన్ సెక్షన్లు (వెలుగు దూరేంత పల్చగా అరగదీసి గాజుకు అతికించిన రాతి పలకలు) చేయించుకోవలసి వచ్చి, గత చలికాలంలో హనుమకొండలో గ్రానైట్ కోత యంత్రాల నడుమ ఉన్న ఒక చిన్న పనిశాలకు వెళ్లాను. ఒక్కో రాయికి రెండేసి చొప్పున ఇరవై పలకలు చేయించాను.

షియర్ జోన్ రాయిని ఎటుపడితే అటు కోయకూడదు. భూగర్భంలో రెండు శిలాఖండాలు ఒకదాన్ని ఒకటి ఒరుసుకుంటూ జరిగినప్పుడు ఆ కదలికంతా ఒక పట్టీలోనే ఇముడుతుంది, ఆ పట్టీయే షియర్ జోన్. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటిన చోట క్వార్ట్జ్ అనే ఖనిజం విరగకుండా సాగుతుంది. మరో ఖనిజమైన ఫెల్డ్‌స్పార్ సాగాలంటే అంతకంటే చాలా ఎక్కువ వేడి కావాలి. అందువల్లనే షియర్ జోన్‌లో సాగి ఏర్పడే మైలొనైట్ అనే రాయిలో క్వార్ట్జ్ రిబ్బనులా సాగిపోయినా, ఫెల్డ్‌స్పార్ గింజలు కళ్ల ఆకారంలో మిగిలి, రెండు పక్కలా తోకలు తొడుగుతాయి. ఏ ఖండం ఎటు జరిగిందో ఆ తోకల వాలే చెబుతుంది. (1885లో భూవిజ్ఞాని లాప్‌వర్త్ ఈ రాయి తిరగలిలో పడ్డట్టు నలిగిందనుకుని, తిరగలి అనే అర్థమున్న గ్రీకు మాటతో దానికి పేరు పెట్టాడు, నిజానికి అందులో నలగడం కంటే స్ఫటికాలు కొత్తగా ఏర్పడటమే ఎక్కువ.) ఆ తోకలు సరిగ్గా కనిపించేది పొరలకు లంబంగా, సాగిన గీతలకు సమాంతరంగా కోసిన ముఖం మీదనే. కొండ మీద రాయిని పెకలించక మునుపే గీసుకున్న బాణం గుర్తు కోతలో పోతే ఆ పలక కదలిక దిశను ఇక చెప్పలేదు. మునుపు వేరొక చోట నా ఆరు నమూనాలు ఆ విధంగానే వ్యర్థమయ్యాయి. ఆ బాధ ఇంకా తీరలేదు.

ఇక్కడి పెద్దాయన నేను చెప్పకముందే, "సార్, బాణం రాయి మీదనే ఉంటే సరిపోదు, గాజు మీద గూడ గాటు పెడ్త" అన్నాడు, ఇరవై పలకలకూ అదే విధంగా పెట్టాడు. పలక మందం 0.03 మిల్లీమీటర్లు ఉండాలి. అప్పుడు మైక్రోస్కోపులో అడ్డ పోలరాయిడ్ల (ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు కాంతి వడపోత పలకల) మధ్య క్వార్ట్జ్ బూడిద, తెలుపు రంగుల్లో కనిపిస్తుంది, పసుపు కనిపిస్తే మందం ఎక్కువైనట్టే. పదిహేడు పలకలు నిర్దోషంగా వచ్చాయి. రెండింటి అంచున పసుపు ఉంటే మళ్లీ రుబ్బి సరిచేశాడు, దానికి డబ్బు తీసుకోలేదు. ఒక ఖోండలైట్ (తూర్పు కనుమల్లో దొరికే, గార్నెట్ ఖనిజ గింజలుండే రాయి) పలకలో మాత్రం గార్నెట్లు ఊడిపోయి గుంతలు మిగిలాయి. ఎండావానలకు పొడిపొడిగా మారిన రాయికి ముందుగా రెసిన్ (గట్టిపడే జిగురు) పట్టించాలి. ఆ ఏర్పాటు ఇక్కడ లేదు, ఇది పెద్ద లోపమే.

పనితనం చూపడానికి ఆయన స్థానిక గ్రానైట్ పలక ఒకటి ఇచ్చాడు. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి ఆ రాతిలో ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలు అంచులు చెదరకుండా ఏ దిశకూ ఒరగకుండా ఉన్నాయి. దాని పక్కన నా ఆరో నంబరు మైలొనైట్‌ను పెట్టి చూపినప్పుడు, ఒకే ఖనిజాలు ఎంతగా మారగలవో నా విద్యార్థులకు ఒక్క మాట కూడా చెప్పనవసరం లేకపోయింది.

పది రోజులన్న పనికి మూడు వారాలు పట్టింది, పలకలను పాత వార్తాపత్రికలో చుట్టి ఇచ్చారు. చెక్కపెట్టె మనమే తీసుకెళ్లడం మేలు. ఈ వారం మరో ఎనిమిది నమూనాలు ఇచ్చి వచ్చాను, వాటిలో ఖోండలైట్ ఒక్కటీ లేదు.