మృదులాస్థి కణాలను పెంచడానికి ఏది మేలు: ప్లాస్టిక్ డిష్షా, జెల్లా?

మోకాలి మృదులాస్థి నుంచి తీసిన కణాలను ల్యాబ్‌లో పెంచాలంటే, వాటిని దేని మీద లేదా దేని లోపల ఉంచాలన్నది ముందే తేల్చుకోవాలి. జన్యువుల పనితీరు చాలావరకు దాన్నిబట్టే ఉంటుంది.

ప్లాస్టిక్ డిష్ సులువు, ఖర్చూ తక్కువ. కణాలు అడుగున అతుక్కుని చకచకా పెరుగుతాయి. సంఖ్య ఒక్కటే కావాలంటే ఇదే మేలు. కానీ రెండు మూడు పాసేజ్‌లు (నిండిన డిష్ నుంచి కణాలను కొత్త డిష్‌లోకి మార్చడాలు) అయ్యాక మైక్రోస్కోప్‌లో చూడండి. గుండ్రంగా ఉండాల్సిన కణం బల్లపరుపుగా, పొడుగ్గా సాగిపోయి ఫైబ్రోబ్లాస్ట్‌లా, అంటే చర్మం లాంటి చోట్ల పీచు తయారుచేసే కణంలా కనిపిస్తుంది. లోపల కూడా అదే వరస: మృదులాస్థికి ప్రాణమైన టైప్ 2 కొలాజెన్, అగ్రెకాన్ అనే ప్రోటీన్ల జన్యువులు మందగిస్తాయి, చర్మంలోనూ టెండన్లలోనూ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీలు) ఉండే టైప్ 1 కొలాజెన్ జన్యువు జోరందుకుంటుంది.

కారణం కణం పట్టులో ఉంది. కణాలకు పోసే సీరం (రక్తం నుంచి తీసిన ద్రవం)లోని ఫైబ్రోనెక్టిన్, విట్రోనెక్టిన్ అనే ప్రోటీన్లు డిష్ అడుగున పేరుకుంటాయి. కణపొర మీది ఇంటిగ్రిన్లు అనే పట్టు ప్రోటీన్లు వాటిని పట్టుకుంటాయి. అడుగు గట్టిగా ఉంటే కణం లోపలి ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగులు బిగుస్తాయి. ఆ బిగువుకి యాప్ (YAP) అనే ప్రోటీన్ కేంద్రకంలోకి చేరి జన్యువులను నడిపిస్తుందని ఇటలీలోని పాడువా పరిశోధకులు 2011లో చూపించారు.

ఇక సముద్రపు నాచు నుంచి తీసే అగరోజ్ జెల్. ఇందులో ఇంటిగ్రిన్లకు పట్టు దొరకదు, అందుకే కణం మళ్లీ గుండ్రంగా మారుతుంది. 1982లో బెన్యా, షాఫర్ అనే శాస్త్రవేత్తలు ప్లాస్టిక్ మీద దారి తప్పిన కుందేలు కణాలను ఈ జెల్‌లో ఉంచితే, అవి టైప్ 2 కొలాజెన్ తయారీని మళ్లీ మొదలుపెట్టాయి. డీఎన్‌ఏ అదే, చుట్టూ ఉన్నదే మారింది. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం ఇదే. అగరోజ్‌తో చిక్కల్లా కణాలు నెమ్మదిగా పెరగడం, తిరిగి బయటికి తీయడం కష్టం కావడం. నాచు నుంచే తీసే మరో జెల్ అయిన ఆల్జినేట్ పూసలైతే సిట్రేట్ ద్రావణంలో కరిగిపోతాయి, కణాలు చేతికొస్తాయి. కాబట్టి నా ఓటు ఆల్జినేట్‌కే.

కొలాజెన్ జెల్‌ని మాత్రం చర్మపు ఫైబ్రోబ్లాస్ట్‌లకు ఉంచుకోవడం మంచిది. అక్కడా ఒక మెలిక ఉంది. జెల్ అంచులు డిష్‌కి అతుక్కుని బిగువుగా ఉంటే కణాలు కొలాజెన్ తయారుచేస్తూ పోతాయి. అంచులు వదిలేసి తేలనిస్తే కొలాజెన్ జన్యువు పని తగ్గుతుంది, కొలాజెన్‌ని కోసే ఎంఎంపీ-1 అనే ఎంజైమ్ పెరుగుతుంది. ప్రోటీన్ అదే అయినా బిగువు మారితే ఫలితం తారుమారవుతుంది.

రోగి మోకాలికి కణాలు కావాలంటే సంఖ్యా ముఖ్యమే. 1994లో స్వీడన్ వైద్యులు ప్రకటించిన చికిత్సలో కూడా రోగి సొంత కణాలనే ల్యాబ్‌లో పెంచి మోకాల్లో పెట్టారు. నేనైతే ప్లాస్టిక్ మీద వీలైనంత తక్కువ పాసేజ్‌లతో ఆపి, ఆ తర్వాత ఆల్జినేట్‌లోకి మారుస్తాను. మార్చే ముందూ, మార్చాకా టైప్ 2, టైప్ 1 కొలాజెన్ ఎంఆర్‌ఎన్‌ఏల (పనిచేసే జన్యువు నుంచి వచ్చే నకళ్లు) నిష్పత్తిని పీసీఆర్ అనే జన్యు పరీక్షతో కొలవాలి. కణం గుండ్రంగా కనబడింది కదా అని ఆ పరీక్ష మానేయకూడదు.